గాలివాటం నిషేధం

కాసులమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆ అయిదు తరగతుల చదువు చింతలరేవుకి చేసిన నష్టం ఇంతవరకూ ఏ తుఫానూ చెయ్యలేదు.

అలాగని ఆమె చెడ్డ మనిషి కాదు. భయస్తురాలు, అంతే. ఫోను మోగితే ఒక భయం, మోగకపోతే రెండు భయాలు. కూతురు తుమ్మితే నిమోనియా, నవ్వితే నరదిష్టి, అయిదు నిమిషాలు ఆలస్యమైతే లారీ కిందో అల కిందో పడిపోయినట్టే. మొగుడు ఎర్రయ్య వల బాగుచేసుకుంటూ, "నువ్వు మనసులో సంపీసిన మనుసుల్ని లెక్కెడితే ఈ రేవు ఎప్పుడో ఖాళీ అయిపోవాల" అనేవాడు.

ఇలాంటి మనిషికి పుట్టిన పోలేశ్వరి తెరచాప పడవల పందేల్లో ఛాంపియన్ అయింది.

ఆ పందెం పడవకి ఇంజను ఉండదు. ఒక కొయ్య, ఒక చాప, ఒక చుక్కాని, ఒక తాడు, ఒక మనిషి. రేవు దగ్గర బయల్దేరి, గాలికి ఎదురుగా అటొక మెలిక ఇటొక మెలిక తిరుగుతూ, సముద్రంలో తేలే నారింజ రంగు బుడగ దాకా పోవాలి. దాన్ని చుట్టి, గాలిని వీపున పెట్టుకుని తిరిగి రావాలి. అలా వెనక గాలితో రావడాన్ని రేవులో అందరూ గాలివాటం అంటారు. కాసులమ్మ కూడా ఆ మాట వింది కానీ, సముద్రం సంగతులు చెవిన పడితే చెవులు మూసుకునే అలవాటు వల్ల, గాలి కొట్టి ఎటో ఎగరేసుకుపోవడమే గాలివాటం అనుకుంది.

పోర్టులో టగ్గు నడిపి రిటైరైన డేవిడ్ మాస్టారు, పదకొండేళ్ళ పోలేశ్వరి తండ్రి తెప్ప మీద కూర్చున్న తీరు చూసి, "ఎర్రయ్యా, నీ గుంటకి గాలి కనబడతంది రా" అన్నాడు. ఆనాటి నుంచీ ఆయనే గురువు. పద్నాలుగేళ్ళకి రాష్ట్రంలో మొదటి స్థానం, పదిహేడేళ్ళకి జాతీయ జూనియర్ పోటీల్లో రెండో స్థానం. పతకాలన్నీ వంటింట్లో జల్లెడ తగిలించే మేకుకి వేలాడుతూ ఉంటాయి. పిండి జల్లించాల్సి వచ్చినప్పుడల్లా కాసులమ్మ వాటిని తీసి పక్కన పెట్టి, మళ్ళీ తగిలిస్తుంది.

కానీ ఒక్క పందెం కూడా ఆమె కళ్ళారా చూడలేదు. రేవుకి వస్తుంది. వచ్చి సముద్రానికి వీపు పెట్టి, ఐసు ఫ్యాక్టరీ గోడకేసి నిలబడుతుంది. ఆ గోడ మీద 'ఇచట నిలబడరాదు' అని రాసి ఉంటుంది. పందెం అయ్యేదాకా ఆ రెండు మాటలే కూడబలుక్కుని చదువుతూ, "ఒచ్చీసిందా? ఒచ్చీసిందా?" అని దారినపోయే ప్రతివాళ్ళనీ అడుగుతుంది.

ఆ మాఘమాసం పందెంలో గాలి జోరుగా ఉంది. పోలేశ్వరి బుడగ చుట్టి వెనక్కి వస్తూ ఉండగా పడవ బోర్లా పడింది. ఈ పందేల్లో అది మామూలే. రెండు నిమిషాల్లో పడవని నిలబెట్టి, ఎక్కి, ముక్కులోంచి ఉప్పునీళ్ళు చీదుకుంటూ మొదటి స్థానంలోనే వచ్చింది. అయితే కాసులమ్మ చెవిన పడ్డది, వెనకనుంచి ఎవరో అరిచిన ఒకే ఒక్క ముక్క.

"గాలివాటంగా ఒస్తా ఒస్తా బోర్లా పడిపోనాది రోయ్!"

ఆ మర్నాడు ఆమె తెల్ల కాగితం కొనుక్కుంది.

తెరచాప క్రీడల ప్రాధికార సంస్థ ఆఫీసులో ప్రతి గురువారం అర్జీల దినం. కాసులమ్మ వరండాలో గోడకి ఆనుకుని, నాలుక కొస పంటి మధ్య పెట్టి, ఇలా రాసింది.

"అయ్యా, నా కూతురు పోలేశ్వరి తమరి సంస్థలో పడవ నడుపుచున్నది. నిన్న గాలివాటంగా పోయి పడిపోయినది. ఇకమీదట ఆ పిల్ల గాలివాటంగా పోయి చెడిపోకుండా తమరు కట్టుదిట్టం చెయ్యవలెనని ప్రార్థన. ఇట్లు, తల్లి కాసులమ్మ."

ముందు 'చచ్చిపోకుండా' అనే రాయబోయింది. కడుపున పుట్టిన పిల్ల మీద అలాంటి మాట రాయడానికి చెయ్యి రాక, 'చెడిపోకుండా' అని సరిపెట్టింది. సంతకం చేసి, రెండుసార్లు చదువుకుని, దేవుడికి ఇచ్చినట్టు కళ్ళకద్దుకుని సూపరింటెండెంటు వరహాలరావు చేతికి ఇచ్చింది.

సరిగ్గా ఆ వారం విలువల వారోత్సవం జరుగుతోంది. ప్రతి ఆఫీసూ శనివారం సాయంత్రంలోగా ఏదో ఒక విలువని కాపాడి, ఫొటోతో సహా పైకి నివేదిక పంపాలని ఆజ్ఞ. సంస్థ అధ్యక్షుడు దశరథ పాత్రుడు మూడు రోజులుగా కాపాడడానికి విలువ దొరక్క కొట్టుకుంటున్నాడు. ఆయన జన్మలో పడవ ఎక్కలేదు. చేపల తొట్టి చూసినా కడుపులో తిప్పుతుంది. ఆఫీసుకి సముద్రం కూతవేటు దూరమే అయినా, గాలికి ఫైళ్ళు ఎగిరిపోతున్నాయని ఆ వైపు కిటికీలకి మేకులు కొట్టించాడు.

వరహాలరావు అర్జీ చదివి వినిపించాడు. పాత్రుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వరహాలరావు గారూ, విన్నారా! ఒక సామాన్య మాతృమూర్తి. యవ్వనంలో ఉన్న కుమార్తె గాలివాటంగా పోతోందని, సిద్ధాంతం లేని జీవితం గడుపుతోందని, ఎంత వ్యథ! ఇది అర్జీ కాదండీ. ఇది విలువల ఆర్తనాదం."

"చిత్తం. కానీ ఇది పడవ గురించేమోనండి."

"పడవ అంటే ఏమిటి? జీవితమే కదా!"

వరహాలరావు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పలేదు. ఇప్పుడూ ఫైలు తెరిచి కలం తీశాడు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఒకటో నంబరు సర్క్యులర్ బయటికి వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది క్రీడాకారులకు తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఈ సంస్థ పరిధిలోని ఏ పడవయు, ఏ పరిస్థితిలోను, గాలివాటముగా పోరాదు. పోయినచో కఠిన చర్య తీసుకొనబడును."

డేవిడ్ మాస్టారు సర్క్యులర్ చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాత్రుడి బల్ల మీద కాగితపు బరువుని పడవగా పెట్టి, గోడ ఫ్యానుని గాలిగా చూపించి, పావుగంట సేపు వివరించాడు. "అయ్యా, గాలి ఎనకాల్నించి ఒస్తే పడవ ముందుకి ఎల్తాది. దాన్నే గాలివాటం అంటాం. అది లేకపోతే బుడగ కాడికి ఎల్లినోళ్ళు తిరిగి ఎలాగొస్తారు?"

పాత్రుడు జాలిగా నవ్వాడు. "మాస్టారూ, వెనకనుంచి ఒకరు తోస్తే ముందుకి పోవడం ఒక విజయమా? దాన్ని మా ఆఫీసులో సిఫారసు అంటారు. సిఫారసుల మీద నెగ్గే క్రీడాకారులు ఈ సంస్థకి అక్కర్లేదు."

"మరి తిరిగి రావడం ఎలాగండి?"

"అది ఇంకో ఫైలు."

కొత్త నిబంధన కింద మొదటి పందెం ఆ పై ఆదివారం జరిగింది. పదకొండు పడవలు గాలికి ఎదురు పోయాయి. పోలేశ్వరి అందరికన్నా ముందు బుడగ చేరింది. చేరి, నిబంధన ప్రకారం చాప దించేసి, ఎండలో కూర్చుంది. మిగతా పదిమందీ ఒక్కొక్కరే వచ్చి చాపలు దించి చుట్టూ కూర్చున్నారు. వాళ్ళని లాక్కురావాల్సిన మోటారు లాంచీ ఆ సమయంలో విలువల వారోత్సవం ముగింపు సభకి పూలదండలు తేవడానికి పోయింది. రెండున్నర గంటల తర్వాత లాంచీ వచ్చి, పదకొండు పడవల్నీ ఒకే తాడుకి కట్టి, పశువుల మందలా తోలుకొచ్చింది. అందరూ ఒకే తాడు మీద వచ్చారు కాబట్టి అందరిదీ మొదటి స్థానమేనని పాత్రుడు ప్రకటించాడు. సమష్టి విజయం అనే విలువ కూడా ఆ విధంగా కాపాడబడింది.

ఎవరో "ఒచ్చీసినారు" అనగానే కాసులమ్మ ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర్నుంచి ఇటు తిరిగింది. కూతురు తాడుకి కట్టిన పడవలో తలొంచుకుని కూర్చుని వస్తోంది. కాసులమ్మ చేతులు జోడించింది. "తాడు కట్టి మరీ తీసుకొచ్చినారు. ఎంత మంచి ఆపీసర్లో!"

"మంచోళ్ళే," అన్నాడు ఎర్రయ్య. "మెడకి కట్టలేదు."

ఇక్కడితో ఆగితే అది ప్రాధికార సంస్థ కాదు. ఒక నిబంధన పుట్టాక దానికి తోబుట్టువులు పుట్టకుండా ఏ ఆఫీసూ ఆపలేదు.

రెండో ఫైలు వరహాలరావే కదిపాడు. గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో రోజూ చెప్పేది ప్రభుత్వ వాతావరణ శాఖ. అంటే గాలి దిశ అనేది ప్రభుత్వ ప్రకటన. దానికి ఎదురు పోవడం అంటే? వరహాలరావు ఆ ప్రశ్నార్థకం వరకే రాసి ఫైలు పైకి పంపాడు. మిగతాది పాత్రుడు పూరించాడు. రెండో నంబరు సర్క్యులర్ ప్రకారం "ఏ పడవయు గాలికి ఎదురు తిరుగరాదు."

డేవిడ్ మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఈసారి బల్ల మీద కాగితపు బరువుని అడ్డంగా పెట్టాడు. "సరేనండి. ఎనకగాలీ ఒద్దు, ఎదురుగాలీ ఒద్దు. పక్కగాలి ఉంది. గాలికి అడ్డంగా పోతాం. పిల్లలికి అలవాటైనా పోకుండా ఉంటాది."

"అడ్డంగానా!" పాత్రుడు రెండు చెవులూ మూసుకున్నాడు. "మాస్టారూ, అడ్డంగా సంపాదించినవాళ్ళని చూశాం. అడ్డంగా దొరికినవాళ్ళనీ చూశాం. పసిపిల్లల్ని మీరే అడ్డదారి పట్టిస్తారా?"

మూడో నంబరు సర్క్యులర్ మర్నాడే వచ్చింది. అడ్డంగా కూడా పోరాదు.

ఇక పడవకి మిగిలినది ఒకటే పని. ఉన్నచోట ఉండటం. పాత్రుడు దాన్ని లోటుగా చూడలేదు. ప్రపంచంలో ఎక్కడా లేని క్రీడ తన హయాంలో పుడుతోందని ఆయనకి ఒళ్ళు పులకరించింది. దానికి స్థిర పందెం అని పేరు పెట్టాడు. పడవలన్నిటికీ నడుంలోతు నీళ్ళల్లో లంగరు వేస్తారు. లంగరు తాడు ముడి మీద సంస్థ లక్క ముద్ర వేస్తారు. గంటసేపట్లో ఏ పడవ తక్కువ కదిలితే అది గెలిచినట్టు. కదలికని అంగుళాల్లో కొలవడానికి, ఒడ్డున గుంజలు పాతి, టేపులు పట్టుకుని ఆరుగురు సిబ్బంది.

మొదటి స్థిర పందెంలో పోలేశ్వరి ఆఖరున వచ్చింది. గాలి తగలగానే ఆ పిల్ల వీపు దానంతటదే పక్కకి వాలుతుంది. చెయ్యి తాడు వెతుక్కుంటుంది. పడవ ఏడంగుళాలు కదిలింది. మొదటి బహుమతి ఇసకలో కూరుకుపోయిన ఒక పడవకి వచ్చింది. దాని మనిషి జ్వరమొచ్చి ఆ రోజు రానే లేదు. 'మనిషి లేకపోవుట వలన స్థిరత్వము మెరుగుపడినట్లు గమనించడమైనది' అని న్యాయనిర్ణేతలు నివేదికలో రాశారు.

కాసులమ్మ ఆ రోజు జీవితంలో మొదటిసారి గోడ వైపు కాక సముద్రం వైపు తిరిగి నిలబడింది. చూడటానికి ఏమీ లేదు. ఆమెకి కావలసిందీ అదే. ఇంటికి వచ్చి బెల్లం పరమాన్నం వండింది.

పోలేశ్వరి ముట్టుకోలేదు. గుమ్మంలో కూర్చుని, చేతిలో ఒక తాడు ముక్క పెట్టుకుని ముడి వేస్తూ విప్పుతూ ఉంది. వేసిన ముడే వేస్తోంది.

"తినవే తల్లీ. పడనూ నేదు, తడవనూ నేదు. ఇంకేటి కావాల?"

"అమ్మా, ఇరవై రెండో తారీకు జాతీయ జట్టుకి సెలక్షన్లు. ఈ ఏడు మన రేవులోనే. రాష్ట్రం నించి నా ఒక్కదాని పేరే ఎల్లింది. మొదటి ఇద్దరినీ తీసుకుంటారు. వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోద్ది."

"ఎల్లు మరి. ఎవలొద్దన్నారు?"

పోలేశ్వరి జేబులోంచి మడిచిన కాగితం తీసింది. నోటీసు బోర్డు మీద నుంచి చించుకొచ్చింది. "సెలక్షన్లకి కూడా నా పడవకి లంగరు వేసి, ముద్ర కొడతారట. ముద్ర చెరిపితే జన్మలో మళ్ళీ పడవ ఎక్కనివ్వరట. మాస్టారు ఏడుస్తన్నారమ్మా. ఇది మొదటి సర్క్యులర్. ఇంత పిచ్చి రాత ఎవలికి పుట్టిందా అని సూసాను. కింద చిన్న అక్షరాల్లో ఉంది. నువ్వే సదువు."

కాసులమ్మ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది. 'సూచిక: శ్రీమతి కాసులమ్మ గారి అర్జీ.'

పరమాన్నం గిన్నె మీద ఈగ వాలింది. ఎవరూ తోలలేదు.

"గాలివాటం అంటే ఏటో నీకు తెల్దా అమ్మా?"

"గాలి నిన్ను ఎగరేసుకుపోవడం అనుకున్నానే గుంటా."

"ఎగరేసుకుపోదమ్మా. ఇంటికి తెస్తాది. గాలివాటం అంటే ఇంటికి రావడం."

కాసులమ్మకి ఆ క్షణంలో ఏ భయమూ కలగలేదు. తను భయపడి చేసిన పని కూతురి మెడకి లంగరై చుట్టుకుందని తెలిసింది, అంతే. ఆమె లేచి చీర మార్చుకుని ఆఫీసుకి నడిచింది.

ఆఫీసులో అడుగు పెట్టింది. ఎదురుగా గోడ మీద తన అర్జీ. అద్దం కట్టించి, బంతిపూల దండ వేసి, కింద 'విలువల స్ఫూర్తి ప్రదాత' అని రాయించారు. దండ వేసిన అద్దంలో తన చేతిరాత చూసుకుంటే తనే పోయినట్టు అనిపించింది.

"అయ్యా, ఆ కాగితం నాను తప్పు రాసినాను. ఎనక్కి ఇచ్చీయండి. గాలివాటం ఒద్దన్నాను గానీ, గాలివాటం అంటే అది కాదట. మా పిల్లని ఒదిలీయండి బావూ."

పాత్రుడు కళ్ళజోడు తీశాడు. "అమ్మా. నెల క్రితం ఒద్దన్నారు. ఇవాళ కావాలంటున్నారు. అటు గాలి వీస్తే అటు, ఇటు వీస్తే ఇటు. ఇది గాలివాటం కాదా?"



"మీరు పాటించమని కోరిన విలువనే మీరు ఉల్లంఘిస్తే ఈ సంస్థ ఎలా సహిస్తుంది? మీ అర్జీ మీదే ఆధారపడి అయిదు జిల్లాల్లో గాలివాటం నిషేధించాం."

"నాను దాని తల్లినండి."

"అర్జీ మీద సంతకం పెట్టినప్పుడు తల్లి. ఇప్పుడు రికార్డు."

వరహాలరావు మర్యాదగా ద్వారం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "తల్లీ, ఇక్కడ పెట్టడానికే తప్ప తీసుకోడానికి కౌంటరు లేదమ్మా" అన్నాడు.

ఆమె చేతికి మూడు సర్క్యులర్ల కాపీలూ, ముద్రల నిబంధన కాపీ కూడా ఉచితంగా ఇచ్చారు. పీట మీద కూర్చుని కాసులమ్మ వాటిని నాలుగు రోజులు చదివింది. వేలు పెట్టి, పెదవి కదుపుతూ, ఐసు ఫ్యాక్టరీ గోడని చదివినట్టే పదేపదే చదివింది.  నాలుగో రోజు ఎర్రయ్యని ఒక్క ప్రశ్న అడిగింది.

"క్రీడాకారుడు అంటే ఆట ఆడేవోడేనా?"

"మరింకేటి?"

"నాను ఆడను గదా?"

"నీకు ఆట కూడానా! ఎందుకే?"

 ఆమె రాతి మీద చేపల కత్తి నూరుకుంటూ కూర్చుంది. అది ఆమె అత్తగారి కత్తి. రేవులో అంత పదునైన ఇనుము ఇంకొకరి ఇంట్లో లేదు.

ఇరవై రెండో తారీకున రేవంతా జెండాలు. ఇతర రాష్ట్రాల పడవలు పద్నాలుగు, చాపలు పైకెత్తి వరసలో ఉన్నాయి. ఒడ్డుకి దగ్గరగా, నడుంలోతు నీళ్ళల్లో, పోలేశ్వరి పడవకి లంగరు. ముడి మీద నిమ్మకాయంత ఎర్రటి లక్క ముద్ర. దూరంనుంచి వచ్చిన ఇద్దరు సెలెక్టర్లు దుర్భిణీల్లోంచి అది చూసి, ఏమిటని అడిగారు.

"మా క్రీడాకారిణి స్థిర పద్ధతిలో పాల్గొంటుంది," అన్నాడు పాత్రుడు గర్వంగా.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి రాష్ట్రం వాళ్ళదని ఊరుకున్నారు.

పది గంటలకి తుపాకీ పేలింది. పద్నాలుగు పడవలూ దూసుకుపోయాయి. పదిహేనోది లంగరు చుట్టూ వణికింది. పోలేశ్వరి చుక్కాని మీద చెయ్యి వేసుకుని, ముద్ర వైపు చూడకుండా బుడగ వైపు చూస్తూ కూర్చుంది. డేవిడ్ మాస్టారు టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కాసులమ్మ ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర కనబడలేదు. నీళ్ళల్లో ఉంది.

చీలమండల పైకి సముద్రాన్ని రానివ్వని మనిషి. ఉప్పు కోసం కూడా దాని దగ్గరికి పోని మనిషి. మోకాళ్ళు, తొడలు, నడుము. ఒక అల వచ్చి గడ్డం దాకా తడిపింది. "అమ్మా పోలమ్మా, అమ్మా పోలమ్మా" అని అమ్మవారిని తలుచుకుంటూ, కొంగులోంచి కత్తి లాగింది.

"అమ్మా! ఒద్దే! ముద్ర!" అని అరిచింది పోలేశ్వరి.

"ముద్ర ముట్టుకోను. నాను సదువుకున్నాను."

ముడికి జానెడు పైన తాడు పట్టుకుని కోసింది. లక్క ముద్ర చెక్కు చెదరకుండా లంగరు వైపు ముక్కకి ఉండిపోయింది. పడవ ఒక్కసారి తుళ్ళిపడి, చాప నిండా గాలి పోసుకుని, ఆమె చేతిలోంచి జారిపోయింది.

"ఆపండి! ఆవిడ్ని ఆపండి! నిబంధన! నిబంధన!" అని ఒడ్డున పాత్రుడు గెంతులేశాడు. వరహాలరావు చేతిలో పుస్తకం పేజీలు గబగబా తిప్పాడు. "ముద్ర చెరిపిన క్రీడాకారుడికి నిషేధం అని ఉందండి. ముద్ర చెరగలేదు. ఆవిడ క్రీడాకారిణి కాదు. గాలివాటానికి కఠిన చర్య అన్నారు గానీ ఏ చర్యో లేదు, తాడు గురించి అసలేమీ లేదండి."

"ఎందుకు లేదు?"

"తమరు రాయలేదండి."

కాసులమ్మకి ఇవేవీ వినబడలేదు. నడుంలోతు నీళ్ళల్లో నిలబడి, కత్తి పైకెత్తి పట్టుకుని, మొట్టమొదటిసారి కూతురి పందెం చూసింది. నాలుగు నిమిషాల ఆలస్యం. ముందు పద్నాలుగు చాపలు. పోలేశ్వరి గాలికి ఎదురుగా ఒక మెలిక తిప్పింది, ఇంకో మెలిక తిప్పింది. మిగతావాళ్ళు గాలిని వెతుక్కుంటూ ఉంటే, ఈ పిల్ల అది ఎక్కడుందో ముందే తెలిసినట్టు తిన్నగా దాని దగ్గరికి పోతోంది. బుడగ దగ్గరికి చేరేటప్పటికి ముందు ఆరు చాపలే. చుట్టింది. అప్పుడు గాలి ఆమె వెనక్కి వచ్చింది.

 ఇదే అది. తను కాగితం మీద ఒద్దని రాసింది దీన్నే. తెల్లటి చాప రెక్కలా విచ్చుకుని, నీళ్ళని రెండుగా చీల్చుకుంటూ, తిన్నగా తన వైపే వస్తోంది. ఆరు నాలుగయ్యాయి, రెండయ్యాయి, ఒకటయింది. ఆ ఒక్కటి మిగిలిపోయింది. పోలేశ్వరి రెండో స్థానంలో గీత దాటింది. ఇద్దరిలో ఒకతె.

"ఒచ్చీసింది!" అని కాసులమ్మ అరిచింది. ఆమెని ఎవరూ అడగలేదు.

షామియానా కింద విచారణ అప్పటికే మొదలైంది. తడి చీరతోనే ఆమెని తీసుకొచ్చి నిలబెట్టారు. వరహాలరావు ఫారం తీసి 'నిందితురాలు' అన్నచోట ఆమె పేరు రాశాడు. కత్తిని స్వాధీనం చేసుకుని, గుడ్డలో చుట్టి, చీటీ కట్టారు.

"తాడు కోసినది మీరేనా?"

"నానే."

"కారణం?"

"బయ్యం."

"దేనికి భయం? సముద్రానికా?"

"మొన్నటి దాకా సంద్రానికే బావూ."

వరహాలరావు ఆ జవాబు ఏ గడిలో రాయాలో వెతుకుతూ ఉండగా, సెలెక్టర్లు లోపలికి వచ్చి పాత్రుడి చెయ్యి పట్టుకుని ఊపేశారు. పోలేశ్వరి జాతీయ జట్టులోకి తీసుకోబడింది. ఇరవై ఏళ్ళలో ఈ రాష్ట్రం నుంచి ఇదే మొదటిసారి. బయట పత్రికలవాళ్ళు అధ్యక్షుడు గారి కోసం ఎదురు చూస్తున్నారు.

పాత్రుడి మొహంలో ఎరుపు పోయి, తెలుపు వచ్చి, దాని వెనకే చిరునవ్వు వచ్చింది. అంత వేగంగా తిరిగిన చాప ఆ రోజు పందెంలో కూడా ఎవరూ చూడలేదు.

"మా గాలివాటం నిషేధ విధానం ఇచ్చిన ఫలితమండీ ఇది!" అన్నాడు మైకులో.

ఒక విలేకరి చెయ్యెత్తాడు. "సార్, ఆ అమ్మాయి ఆఖరి భాగమంతా గాలివాటంగానే వచ్చింది కదా?"

"పొరపాటు. ఆ పిల్ల గాలివాటంగా పోలేదు. గాలే పిల్లవాటంగా వీచింది. విలువలు ఉన్నచోట ప్రకృతి కూడా వెనక నడుస్తుంది."

విచారణకని వేసిన కుర్చీలోనే కాసులమ్మని కూర్చోబెట్టి శాలువా కప్పారు. వరహాలరావు అదే ఫారంలో 'నిందితురాలు' కొట్టేసి, 'సన్మాన గ్రహీత' అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. తర్వాత ఇంకో కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. తన కుమార్తె విజయానికి సంస్థ వారి మూడు సర్క్యులర్లే కారణమని తల్లి ధ్రువీకరణ. కింద గీత గీసి ఉంది. పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు.

పోలేశ్వరి తడి జుట్టుతో వచ్చి తల్లి కుర్చీ వెనక నిలబడింది. ఎర్రయ్య మెడ సాచి, ఏం చేస్తుందా అని చూస్తున్నాడు.

కాసులమ్మ పెన్ను వైపు చూసింది. చేతులు రెండూ శాలువాలోకి లాక్కుంది.

"ఒద్దు బావూ. ఓపాలి సంతకం ఎడితే గాలి ఆగిపోనాది. ఇంకోపాలి ఎడితే సంద్రం ఇంకిపోద్ది."

"ఇది లాంఛనమే తల్లీ."

"అదీ లాంఛనంగానే రాసినాను." ఆమె లేచింది. "నా కత్తి ఇచ్చీయండి. ఇంటికాడ సేపలు అలాగే ఉన్నాయి. మా అత్త కత్తి అది."

వరహాలరావు నిజంగానే బాధపడ్డాడు. "అది సాక్ష్యం కింద నమోదైపోయిందమ్మా. వాపసు కావాలంటే ఒక పని చెయ్యాలి." తెల్ల కాగితం తీసి ముందుకి జరిపాడు. "చిన్న అర్జీ పెట్టుకోవాలి."

కాసులమ్మ ఆ తెల్ల కాగితాన్ని చూసింది. గుడ్డలో చుట్టిన కత్తిని చూసింది. కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఉంచుకోండి బావూ. మీ కాడే ఉండనీండి. ఎప్పుడైనా మీకూ తాడు కోసుకోవాల్సి ఒస్తాది."

వరహాలరావు ఆ మాట కూడా శ్రద్ధగా రాసుకుని, కత్తి మీద లక్క ముద్ర వేశాడు.